మా చప్టాకు సన్మానం చేసినారు

మొన్న పొద్దున కరివేపాకు, కొత్తిమీర తెమ్మని మా ఇంటావిడ పురమాయిస్తే, సంచి చేతికి తగిలించుకొని బజారుకు పోతూ, తిరుపతిలో మా వీధి మలుపున రెండు కరెంటు స్తంభాల నడుమ కట్టిన ఫ్లెక్సీలో నన్ను నేనే చూసుకొని నిలబడిపోయినాను. మన ఊళ్లో పుట్టినరోజుకూ పెద్దకర్మకూ ఒకే కొలత ఫ్లెక్సీ వేస్తారు గదా, అందుకని ముందు గుండె ఝల్లుమంది, నేను పోయిన సంగతి ఇంట్లోవాళ్లు నాకు చెప్పడం మరిచిపోయినారేమో అనుకున్నాను. అద్దాలు సర్దుకొని చదివితే అసలు సంగతి తెలిసింది. సమాజానికి సేవ చేసిన అధ్యాపకులకూ, సిబ్బందికీ, విద్యార్థులకూ నేను పనిచేసిన విశ్వవిద్యాలయం పురస్కారాలు ఇచ్చే పండగ ఈ ఏడు మళ్లీ వస్తోందట. పోయినేడు సన్మానం పొందిన పుణ్యాత్ముల మొహాలన్నీ వరసగా అచ్చువేసి, వాళ్ల నడుమ నన్నూ ఇరికించినారు. నా నెత్తిన నాకే తెలియని నల్లటి జుట్టు మొలిపించినారు. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, ఆ జుట్టేదో వాళ్లనే అడిగి తెచ్చుకోండి, శాలువా కంటే పనికొస్తుంది అనింది.

మొహాలకు పైన, అందరికంటే పెద్దదిగా, ఒక చప్టా బొమ్మ ఉంది. వంకకు, అంటే వాగుకు, అడ్డంగా రాళ్లు పేర్చి కట్టిన దారి, దానికి తెల్లగా సున్నం, పక్కన ఒకే రంగు టోపీలు పెట్టుకొని బొటనవేళ్లు పైకెత్తిన పిల్లలు. ఆ బొమ్మ చూస్తూనే నాకు ఒళ్లు మండిపోయింది, కరివేపాకు మాట మరిచి ఉత్త సంచితో వెనక్కి వచ్చేసినాను. మీలో నా ఈడువాళ్లు చాలామంది ఉంటారు, మీరూ ఏదో ఒక ఆఫీసులో ఒళ్లు వంచి పనిచేసి ఇంటికొచ్చినవాళ్లే, మీతో చెప్పుకుంటే ఈ మంట కొంచెం చల్లారుతుందేమోనని రాస్తున్నాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, పిల్లలకు చెట్టూచేమా పాఠాలు చెప్పడంతో పాటు సేవా శిబిరం అనే బరువు కూడా నా నెత్తిన పడింది. బరువని ఎందుకంటున్నానంటే, అప్పట్లో పెద్దవాళ్లెవరూ దాన్ని వేలితో కూడా ముట్టుకునేవాళ్లు కాదు. ఎండలో తిరగాలి, పల్లెల్లో పడుకోవాలి, పేరు రాదు, పదోన్నతి అసలే రాదు. ఎవరికీ పట్టని పనిని కొత్తగా వచ్చినవాడికి అంటగట్టడం అప్పటికీ ఇప్పటికీ ఉన్న ఆచారమే. అట్లా నేను పిల్లల్ని వెంటబెట్టుకొని కాణిపాకం దారి పట్టినాను. గుడి దగ్గర జనమంతా దిగిపోయినాక, కొబ్బరిచిప్పల వాసన మిగిలిన ఖాళీ బస్సులో ఇంకా లోపలికి పోతే ఒక పాల కేంద్రం, దాని వెనక వంక, వంక అవతల ఒక చిన్న పల్లె. పల్లెలో ఇంటింటికీ జెర్సీ సీమావులు. ఆ పాలే వాళ్లకు ఉప్పూ పప్పూ, ఆ పాలే పిల్లల పలకా బలపం. వంక ఎండినన్నాళ్లూ బాధ లేదు, కార్తీకం వానలకు వంక వచ్చిందంటే మాత్రం పాలు అవతల, పాల కేంద్రం ఇవతల. పిండిన పాలు బిందెల్లోనే విరిగిపోయేవి.

మేము పోయింది మొక్కలు నాటడానికి, పరిశుభ్రత మీద ఉపన్యాసాలు చెప్పడానికి. నా ఉపన్యాసం ఓపికగా విని, చివర్లో నడుము మీద చెయ్యి పెట్టుకొని లేచినామె ఒకామె ఉండింది, నాకంటే కొంచెం పెద్దది, చంకలో బిడ్డ. "చెట్లు మేము పెట్టుకుంటాము అయివారా, సేతులు కడుక్కునేది గూడా తెలుసు. ఈ వంక దాటే దారి ఏమన్నా సూడండప్పా" అనింది. ఆ పొద్దు నుంచి ఆమెను నేను అక్కా అనే పిలిచినాను. ఆమె కొన్నాళ్లు, పంతుళ్లను పిలిచినట్టు, అయివారా అనీ, తరువాత తమ్ముడా అనీ పిలిచింది. తెచ్చిన మొక్కలన్నీ పల్లెవాళ్ల చేతికిచ్చేసి మేము వంకలో దిగినాము.

మా శిబిరానికి వంటమనిషి లేడు. ఇంటికి ఇద్దరు చొప్పున పిల్లల్ని పల్లె పంచేసుకొనింది. ఏ ఇంట్లో సంగటి తింటే ఆ ఇంటి ఆవులకు పొద్దున్నే కుడితి పెట్టాలి, ఆ ఇంటి మనిషి పక్కనే నిలబడి వంకలో పని చెయ్యాలి. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు, అక్క పెట్టింది. తాను తిన్న ఇంటి పాలు వంక దాటవని తెలిసినాక ఏ పిల్లవాడికీ ముద్ద సరిగా గొంతు దిగేది కాదు, కాబట్టి నేను హాజరు పిలవాల్సిన పనే లేకుండా అందరూ గడ్డపారలు పట్టినారు. తడ నుంచి వచ్చిన ఒక పిల్లవాడి నాయన, తన కొడుకుతో కూలిపని చేయిస్తున్నామని ఎవరో చెప్పగా విని, బస్సులు మారి మారి నా మీద కొట్లాటకు వచ్చినాడు. కొడుకు తిన్న ఇంట్లోనే ఆయనకూ మజ్జిగ ఇచ్చినారు. మజ్జిగ తాగి, వంక గట్టున కాసేపు గుర్రుగా కూర్చొని, తరువాత చొక్కా విప్పి తంగేడు చెట్టుకు తగిలించి తనూ రాళ్లు మోసినాడు. సాయంత్రం పోతూ పోతూ నన్ను మాత్రం తిట్టే పోయినాడు, వచ్చిన పని మరిచిపోకూడదని కాబోలు.

అక్క ఇంటికి పడినవాడు సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చిన సన్నటి కుర్రవాడు, నా శిష్యుడు. ఇసకా ఉప్పుగాలీ తప్ప బండరాయి ఎరగని ప్రాంతం వాడిది. మొదటినాడే అరిచేతులు బొబ్బలెక్కి, గొడ్లకొట్టం వెనక దాక్కొని ఏడుస్తుంటే అక్క పట్టుకొనింది. ఆముదం పూసి, పాతచీర పేలిక చుట్టి, అనపగింజల పితికిపప్పు పులుసుతో సంగటి తానే కలిపి తినిపించింది. మర్నాటి నుంచి వాడు అందరికంటే పెద్ద రాయి నా భుజాన పెట్టండి అని పోటీకి వచ్చేవాడు. అడుగున పెద్ద గుండ్లు, వాటి సందుల్లో గట్టిగా కూరిన చిన్నరాళ్లు, పైన నీళ్లు పొర్లిపోయేట్టు చదునుగా బండలు, అట్లా పేర్చుకుంటూ పోయినాము. పని అయిపోయిననాడు ఫొటో తీయించుకుందామని ఎవరికీ తోచలేదు. సాయంత్రం పాలబిందెలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు చప్టా మీద వరసగా నడిచిపోతుంటే గట్టున కూర్చొని చూసినాము, అంతే. నా శిష్యుడు పేలిక చుట్టిన చేతితో కళ్లు తుడుచుకున్నాడు. తిరిగి వచ్చినాక మా విభాగం పెద్దాయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, ఏమయ్యా బట్టలు ఇంత మాపుకున్నావు అన్నాడు. మాకు దక్కిన పురస్కారం అదే.

ఆ తరువాత ఏళ్లకేళ్లు చప్టా మీద వంకనీళ్లు పొర్లి పోయినాయి, నీళ్లు కాస్త తగ్గంగానే పాలు దాటినాయి. బిందెలు పోయి బైకులొచ్చినాయి, క్యాన్లొచ్చినాయి. నేను రిటైరైనాను. అక్క ఎప్పుడన్నా తిరుపతికి వస్తే మా ఇంట్లో దిగి, ఇంత నెయ్యి ఇచ్చి, మా ఆవిడతో నా మీద రెండు చాడీలు చెప్పి పోయేది. చప్టా మాట ఆమె ఎత్తేది కాదు, నాకు గుర్తొచ్చేదీ కాదు.

ఇక పోయినేటి వైభవం వినండి. నా శిష్యుడు ఇప్పుడు అక్కడే ఆచార్యుడు, సమాజ సేవా విభాగానికి పెద్ద. సేవకొక విభాగం, విభాగానికొక ఏసీ గది, గదికొక ఇత్తడి బోర్డు. వాడు తనకు తెలిసిన పల్లె గదా అని ఆ పల్లెను విశ్వవిద్యాలయం దత్తత తీసుకునేట్టు చేసినాడు. పేపర్లో చూసి అక్కకు ఫోన్ చేస్తే, "మేమేమన్నా దిక్కులేని బిడ్డలమా తమ్ముడా? ఇంతకీ మమ్మల్ని దత్తతకు ఇచ్చిందెవురు?" అని పకపకా నవ్వింది. ఆమెను గానీ, ఆ పల్లెలో ఇంకొకరిని గానీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఈ పురస్కారాలకు ఒక నియమం ఉందట. ఏ పని చేసినా, దానికి ముందు ఎట్లుండిందో ఒక ఫొటో, తరువాత ఎట్లయిందో ఒక ఫొటో చూపించాలి. పనిని ఎవరూ చూడరు, రెండు ఫొటోల మధ్య తేడా చూస్తారు. మా చప్టాతో వాళ్లకొచ్చిన చిక్కేమంటే, అది బాగుండింది. ఒక పక్క రవ్వంత కుంగింది, అంతకుమించి దానికి ఏ రోగమూ లేదు. బాగున్నదాన్ని బాగుచేసినామంటే తేడా యాడ కనిపిస్తుంది? అందుకని ఆ మహానుభావులు ఏం చేసినారో చెప్తే మీరు నమ్మరు. 'ముందు' ఫొటో కోసం చప్టా రాళ్లు పీకించినారు.

అవునండీ, పీకించినారు. బస్సులో నుంచి ముందు ఫ్లెక్సీ దిగింది, తరువాత పిల్లలు దిగినారు. ఫొటోగ్రాఫరు కళ్లు చికిలించి చూసి, ఇంకొంచెం పాడుగా ఉంటే బాగా వస్తుంది సార్ అన్నాడట. సరేనని పిల్లల చేత నడిమి బండలు ఎత్తించి, అడుగు గుండ్లు దొర్లించి, ఆ గుంత ముందర అందరూ దిగులు మొహాలు పెట్టి ఫొటో దిగినారు. ఇంతలో తిరుపతి హోటలు నుంచి బిర్యానీ పొట్లాలు వచ్చినాయి. తిన్నాక ఎవరికి మాత్రం ఒళ్లు వంగుతుంది? పైగా వెలుతురు పోతోందని ఫొటోగ్రాఫరు తొందర. కెమెరాకు కనిపించే పక్కన పైపైన రాళ్లు పేర్చి, సున్నం కొట్టి, బొటనవేళ్లు ఎత్తి 'తరువాత' ఫొటో దిగి బస్సెక్కినారు. ఇదంతా అక్క ఫోన్లో చెప్తుంటే, ఎంత దిగజారినా ఇంత ఉండదులే అనుకొని, నేనే పోయి చూసినాను. సున్నం కొట్టిన రాయిని చెప్పుకాలితో ఇట్లా తోస్తే అట్లా దొర్లి వంకలో పడింది. పిల్లల్ని నేను ఏమీ అనను. వాళ్లు ఆ పల్లెలో ఎవరింట్లోనూ గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు, ఎవరి పాలు ఎట్లా దాటుతాయో వాళ్లకెట్లా తెలుస్తుంది.

మరి పల్లెవాళ్లే సరిచేసుకోవచ్చు గదా అని మీరు అడుగుతారు. సరిచేసుకోబోతే నా శిష్యుడి దగ్గర నుంచి కబురొచ్చింది, తనిఖీ బృందం వచ్చి ఫొటోతో సరిచూసుకునేదాకా ఎవరూ ఒక్క రాయి కూడా కదపరాదని. నేను వాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు దులిపినాను. ఎన్ని తిట్టినా వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. ఫంక్షన్ కానీండి సార్, తర్వాత చూద్దాం, ఆ రోజు మిమ్మల్ని కూడా సన్మానిస్తున్నాం అన్నాడు. సిగ్గులేదా అని ఫోన్ పెట్టేసినాను. రానని తెగేసి చెప్దామనుకుంటే అక్క ఒప్పుకోలేదు. "నువ్వు పోవాల తమ్ముడా. పెద్దోళ్లంతా ఆడ ఉంటారు గదా, వానలు రాకముందే చప్టా ఏయమని ఒక్క మాట సెప్పు. మాకు ఇంకేమీ వద్దు" అనింది. ఆ ఒక్క మాట కోసం ఒప్పుకున్నాను. శాలువాల కోసమైతే నాకేం కరువు, మా బీరువాలో ఉన్నవాటికి చిమ్మటపురుగులకే మొహం మొత్తింది.

మేలు పొందినవాళ్లు వేదిక ముందు కనిపించాలి గదా, అందుకని పల్లెవాళ్లను కూడా బస్సు పంపి రప్పించినారు. పాలు పిండే వేళకు ఇంటి దగ్గర దింపుతామని మాటిచ్చినారు. ముఖ్య అతిథి రావడమే పొద్దు వాలినాక వచ్చినాడు. ఆ తరువాత మొదలైంది తిరునాళ్ల. ఉత్తమ అధ్యాపకుడు, ఉత్తమ విద్యార్థి, ఉత్తమ విభాగం, అత్యుత్తమ విభాగం. ఫ్లెక్సీ పట్టుకున్నవాడికి ఒకటి, పట్టుకున్నవాణ్ణి ఫొటో తీసినవాడికి ఒకటి. తీసుకునేవాళ్లే ఎక్కువైపోయి, చప్పట్లు కొట్టడానికి మనుషులు చాలక, తీసుకున్నవాళ్లే కిందికి దిగివచ్చి పక్కవాడికి కొట్టినారు. ఒకరినొకరు స్ఫూర్తిప్రదాతలని పొగుడుకున్నారు. నా శిష్యుడికి ఉత్తమ సమన్వయకర్త పురస్కారం. వాడి వెనక తెర మీద రెండు ఫొటోలు, చప్టా ముందు, చప్టా తరువాత. ఎంత తేడా! ఆ తేడా చూసి హాలంతా మోగిపోయింది.

నా వంతు వచ్చింది. శాలువా కప్పినారు, అద్దం బిగించిన జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టినారు. చప్టా సంగతి చెప్దామని మైకు వైపు ఒకడుగు వేసినానో లేదో, సమయాభావం వల్ల అంటూ యాంకరమ్మాయి చిరునవ్వుతో మైకు పక్కకు తిప్పేసింది. ఎవరో మర్యాదగా నా మోచెయ్యి పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టినారు. అప్పటికే బయట వాన మొదలైంది, హాలు కప్పు మీద చప్పుడు వినిపిస్తోంది. వెనక వరసల్లో పల్లెవాళ్లు ఆ చప్పుడు విని లేచి నిలబడితే, వాలంటీర్లు వాళ్లను కూర్చోమని సైగ చేస్తున్నారు. పాలు పిండే వేళ ఎప్పుడో అయిపోయింది.

చివర్లో, మేలు పొందినవాళ్ల తరఫున రెండు మాటలు మాట్లాడమని అక్కను పైకి పిలిచినారు. ఆమె మైకు ఎట్లా పట్టుకోవాలో చూసుకొని, నేరుగా నా శిష్యుడి మొహంలోకి చూసింది. "ఏమప్పా, నువ్వు మా ఇంట్లో సంగటి తిన్న పిల్లోడివే గదా. సేతులు బొబ్బలెక్కితే ఆముదం పూసినాను. నువ్వు మోసిన రాళ్లు నువ్వే పీకిస్తివి. వానొచ్చేసింది నాయనా, మా చప్టా ఎప్పుడు ఏస్తావు?"

ఇప్పుడు దొరికినాడురా అనుకున్నాను. కానీ యాంకరమ్మాయి చదువుకున్న పిల్ల, రెప్పపాటులో తేరుకొని, పల్లెతల్లి ఆప్యాయత చూడండి, మన సార్‌ను సొంతబిడ్డలా ఎట్లా అడుగుతోందో అనింది. చప్పట్లు మొదలైనాయి. అందరికంటే ముందు కొట్టింది నా శిష్యుడే. ఆముదం పూయించుకున్న ఆ రెండు చేతులతోనే కొట్టినాడు. థూ, ఏం బతుకురా అది!

పల్లెవాళ్ల బస్సులోనే నేనూ ఎక్కినాను, ఇంటికి పోవడానికి మనసొప్పలేదు. పాల కేంద్రం దగ్గర మమ్మల్ని దించి బస్సు తిరిగిపోయింది. చీకటి పడిపోయింది, పాల కేంద్రం దీపం వెలుగు వంక దాకా పడుతోంది. వంక ఎర్రగా పొర్లుతోంది, సున్నం రాళ్లు ఒక్కటి కూడా లేవు, పీకేసిన నడిమి భాగంలో నీళ్లు సుడి తిరుగుతున్నాయి. అవతల కొట్టాల్లో ఆవులు అరుస్తున్నాయి. పొదుగు నిండి పిండేవాళ్లు లేని ఆవు అరుపు మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు, వినకపోతే అదృష్టవంతులు. సీమావు అలవాటైన చేతికే సరిగా పాలిస్తుంది. ఆ చేతులన్నీ ఇవతల గట్టున నిలబడి ఉన్నాయి, సభలో పంచిన టోపీలు పట్టుకొని. పాలవ్యాను వచ్చి, కాసేపు ఆగి చూసి, ఖాళీగా పోయింది. ఒకరిద్దరు మగవాళ్లు పంచెలు ఎగగట్టి దిగబోయి, నడుముదాకా మునగంగానే వెనక్కి వచ్చినారు.

అక్క తడిసిన గట్టు మీదనే కూర్చొనింది. నా చంకలో ఉన్న జ్ఞాపిక తీసుకొని, చీర చెంగుతో వాననీళ్లు తుడిచి చూసింది. అద్దం కింద ఆ 'తరువాత' ఫొటోనే ఉంది, తెల్లటి చప్టా, ఎత్తిన బొటనవేళ్లు. "దీంట్లో బాగుండాది తమ్ముడా, దీని మీదనే దాటిపోదామా?" అనింది. ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వకుండా అనింది.

ఆ రాత్రి అందరమూ పాల కేంద్రం పక్కనున్న బడి వరండాలో తలదాచుకొని, తెల్లవారి వంక తగ్గినాక దాటినాము. అక్క ఆవుకు పొదుగువాపు వచ్చి ఒక చన్ను ఎండిపోయింది. వానలు వెనకబట్టినాక పల్లెవాళ్లే, ఎవరినీ అడక్కుండా, చప్టాను మళ్లీ పేర్చుకున్నారు గానీ కొట్టుకుపోయిన పెద్ద గుండ్లు దొరకలేదు, దొరికిన చిన్నవాటితోనే సరిపెట్టినారు. తనిఖీ బృందం ఈనాటికీ రాలేదు.

ఆ జ్ఞాపిక మా ఫ్రిజ్ మీద ఉంది. మా ఆవిడ పారేయమంటుంది, నాకు చెయ్యి రాలేదు. ఎన్నో ఏళ్లు తిరుపతిలో వాన పడితే కిటికీ దగ్గర కూర్చొని కాఫీ తాగి, దుప్పటి కప్పుకొని కమ్మగా నిద్రపోయినాను. ఆ పల్లె గానీ, ఆ వంక గానీ నాకు గుర్తే వచ్చేవి కావు. అట్లా మరిచిపోగలగడం ఎంత పెద్ద భాగ్యమో అప్పుడు నాకు తెలియదు. బొబ్బలెక్కిన చేతులతో ఆ పిల్లలు నాకు సంపాదించిపెట్టిన భాగ్యం అది, దాన్ని వాళ్లలో ఒకడే పీకి పారేసినాడు. ఇప్పుడు రవ్వంత మబ్బు పట్టినా మనసు నిలవదు, వంక వచ్చిందా అక్కా అని ఫోన్ చేస్తూ ఉంటాను. ఇది రాస్తుండగానే పడమటి దిక్కు నల్లబడింది, మా వీధి మలుపున ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. రెండుసార్లు ఫోన్ చేసినాను, అవతల మోగుతూనే ఉంది, అక్క ఇంకా ఎత్తలేదు.